ఒకే డీఎస్ఎల్ లైనుపై అనేక స్టాటిక్ ఐపీలు: రూటర్‌ను అమర్చుకునే విధానం

ఫోన్ తీగ మీద వచ్చే ఒక డీఎస్ఎల్ కనెక్షన్‌కు ఒకే స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని ఇంటర్నెట్ అడ్రసు, తీసుకున్నవారికి రూటర్‌లో కొత్తగా చేయవలసిన పని పెద్దగా ఉండదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ అయిన ప్రతిసారీ అదే అడ్రసు వచ్చి చేరుతుంది. నాలుగో ఎనిమిదో అడ్రసుల బ్లాకు తీసుకున్నప్పుడు మాత్రం ఆ అడ్రసులు వాటంతట అవి ఏ యంత్రానికీ చేరవు. వాటిని ఎక్కడ పెట్టాలో, ఏ దారిన పంపాలో రూటర్‌కు మనమే చెప్పాలి. ఆ చెప్పే పద్ధతి రూటర్ కంపెనీని బట్టి కంటే, ప్రొవైడర్ ఆ బ్లాకును మనకు ఏ రకంగా అందిస్తున్నాడన్న దాన్ని బట్టి ఎక్కువగా మారుతుంది. ఈ సంగతి తేల్చుకోకముందే సెట్టింగులు మార్చడం మొదలుపెట్టినవారు రోజుల తరబడి తిప్పలు పడతారు.

వివరణ కోసం మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు ఆఫీసును ఊహించుకుందాం. అక్కడ పది పన్నెండు కంప్యూటర్లు, ట్యాలీ నడిచే ఒక సర్వరు, వేబ్రిడ్జి దగ్గరా గోదాముల దగ్గరా పెట్టిన కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే ఒక డీవీఆర్, లారీల లోడు వివరాలను కొనుగోలుదారులకు చూపించే చిన్న వెబ్ సర్వరు, సొంత మెయిల్ సర్వరు ఉన్నాయనుకుందాం. నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఉన్న యజమాని అక్కడి నుంచే లెక్కలు చూడాలి, కెమెరాలు చూడాలి. మహబూబ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ సెంటరుకైనా, వనపర్తిలోని ఒక కాలేజీకైనా యంత్రాల పేర్లు మారతాయి తప్ప పద్ధతి మారదు. ఇక్కడ ఉదాహరణగా వాడిన 203.0.113, 198.51.100 వరుసల అడ్రసులు డాక్యుమెంటేషన్ కోసమే ప్రత్యేకంగా కేటాయించినవి, ఎవరి కనెక్షన్‌కూ చెందినవి కావు. మీ ప్రొవైడర్ ఇచ్చిన అంకెలను వాటి స్థానంలో వేసుకోండి.

నిజంగా ఎన్ని అడ్రసులు అవసరం

కెమెరాలు బయటి నుంచి చూడడానికి ఒక ఐపీ, ట్యాలీకి ఒక ఐపీ, వెబ్ సర్వరుకు ఒక ఐపీ అని లెక్క వేసుకుని బ్లాకు కొనేవారు ఎక్కువ. ఈ లెక్క సరైనది కాదు. ఒకే పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి అందే అడ్రసు) మీద వేర్వేరు పోర్టులను (ఒక్కొక్క సేవను గుర్తించే అంకెలను) వేర్వేరు యంత్రాలకు మళ్లించే పోర్ట్ ఫార్వార్డింగ్ ప్రతి రూటర్‌లోనూ ఉంటుంది. రెండు యంత్రాలకు ఒకే పోర్టు, ఉదాహరణకు 443, తప్పనిసరిగా కావలసి వచ్చినప్పుడు, మెయిల్ సర్వరు పేరు ప్రతిష్ఠలు ఆఫీసు కంప్యూటర్ల ట్రాఫిక్‌తో కలవకూడదనుకున్నప్పుడు, లేదా అవతలి సంస్థ మన ఫలానా సర్వరు అడ్రసును మాత్రమే తమ ఫైర్‌వాల్‌లో అనుమతిస్తామన్నప్పుడు రెండో అడ్రసు నిజంగా అవసరమవుతుంది. మన మిల్లు విషయంలో వెబ్ సర్వరుకు ఒకటి, మెయిల్ సర్వరుకు ఒకటి, మిగిలిన ఆఫీసంతటికీ ఒకటి చాలు. డీవీఆర్‌కూ ట్యాలీకీ పబ్లిక్ అడ్రసు ఇవ్వకూడదని నా అభిప్రాయం; కారణం ఫైర్‌వాల్ దగ్గర చెప్పుకుందాం.

ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రసులు పంచే ఏపీనిక్ దగ్గర ఐపీవీ4 అడ్రసుల (పైన చూపినటువంటివి) నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి వాటాకు వచ్చేసింది. ప్రొవైడర్లు ఒక్కొక్క బ్లాకుకు విడిగా అద్దె వసూలు చేయడానికీ, ఎందుకు కావాలో కాగితం మీద రాసి ఇమ్మనడానికీ ఆ కొరతే మూలం. అందుకని వాడనివాటికి డబ్బు కట్టకుండా అడగడం మంచిది.

ఇంకో లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఏడీఎస్ఎల్2 ప్లస్ లైనులో డౌన్‌లోడ్ గరిష్ఠంగా సెకనుకు 24 మెగాబిట్లు ఉన్నా, అప్‌లోడ్ సాధారణంగా 1 మెగాబిట్ చుట్టుపక్కలే ఉంటుంది. బయటివారు మన సర్వరు నుంచి తీసుకునే ప్రతి బైటూ ఆ అప్‌లోడ్ గుండానే పోవాలి. ఇద్దరు ఫోన్లలో కెమెరాలు తెరిచి కూర్చుంటే మెయిల్ కదలదు. ఎన్ని ఐపీలు కొన్నా తీగ ఒక్కటే.

బ్లాకు లోపలి లెక్క

ఎనిమిది అడ్రసుల బ్లాకును స్లాష్ 29 అంటారు, దాని మాస్కు (బ్లాకు ఎంతవరకో చెప్పే అంకె) 255.255.255.248. మన ఉదాహరణలో బ్లాకు 203.0.113.40తో మొదలవుతుంది. అందులో 40 నెట్‌వర్క్ అడ్రసు, 47 బ్రాడ్‌కాస్ట్ అడ్రసు. యంత్రాలకు ఇవ్వగలిగినవి 41 నుంచి 46 వరకు ఆరు. ఆ ఆరింటిలో ఒకటి గేట్‌వేకు (బయటికి దారి ఇచ్చే పరికరానికి) పోతే మనకు మిగిలేవి ఐదు. నాలుగు అడ్రసుల స్లాష్ 30 తీసుకుంటే మాస్కు 255.255.255.252 అవుతుంది, వాడుకోగలిగినవి రెండే, గేట్‌వే పోగా ఒక్కటే. ‘ఎనిమిదికి డబ్బు కడితే ఐదే వచ్చాయి’ అన్న ఫిర్యాదు తరచూ వినబడేదే గానీ, ఇందులో ప్రొవైడర్ మోసం ఏమీ లేదు. అయితే బ్లాకు మనకు రూట్ అయి వస్తూ, దాన్ని న్యాట్ (రూటర్ దగ్గర అడ్రసును మార్చి పంపే పద్ధతి) ద్వారా వాడుకుంటే ఎనిమిదింటికి ఎనిమిదీ వాడుకోవచ్చు. అది కింద వస్తుంది.

మాస్కు వేసేటప్పుడు అలవాటు కొద్దీ 255.255.255.0 అని కొట్టడం చాలామంది చేసే పొరపాటు. అలా వేస్తే ఆ వరుసలో మిగిలిన 248 అడ్రసులూ తన ల్యాన్‌లోనే (లోపలి నెట్‌వర్క్‌లోనే) ఉన్నాయని యంత్రం నమ్ముతుంది. అవి వేరే వినియోగదారులవి. వారికి మన మెయిల్ పోదు, వారు మన వెబ్‌సైటు చూడలేరు, మిగతా ప్రపంచమంతా మామూలుగానే పనిచేస్తుంది. ఇటువంటి సగం సగం లోపం పట్టుకోవడం చాలా కష్టం.

బ్లాకు ఎలా వస్తున్నదో తేల్చుకోవడం

ప్రొవైడర్ బ్లాకును రెండు రకాలుగా అందిస్తాడు. మొదటి రకంలో రూటర్‌కు కనెక్షన్ కోసం వేరే ఒక అడ్రసు వస్తుంది, ఉదాహరణకు 198.51.100.27; ‘203.0.113.40 బ్లాకుకు వచ్చేదంతా 198.51.100.27కు అప్పగించు’ అని ప్రొవైడర్ రూటర్‌లో ఒక దారి రాసి ఉంటుంది. తండాలో ఎవరికి ఉత్తరం వచ్చినా పోస్ట్‌మ్యాన్ అన్నీ ఒక్క కిరాణా కొట్టులో ఇచ్చి పోయినట్లే ఇది; ఎవరిది ఎవరికి చేర్చాలన్నది ఇక మన రూటర్ బాధ్యత. దీన్ని రూటెడ్ బ్లాకు అంటారు. రెండో రకంలో బ్లాకులోని ఒక అడ్రసే, ఉదాహరణకు 41, ప్రొవైడర్ వైపు గేట్‌వేగా ఉంటుంది. అక్కడి పరికరం ‘44 ఎవరిది’ అని ఏఆర్‌పీ ప్రశ్న వేస్తుంది. మన వైపు నుంచి ఏదో ఒక యంత్రం ‘నాదే’ అని జవాబు ఇస్తేనే ప్యాకెట్ (డేటా ముక్క) వస్తుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

మీది ఏ రకమో ప్రొవైడర్ ఇచ్చిన కాగితం చూస్తే చాలావరకు తెలుస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, బ్లాకు మాత్రమే రాసి, గేట్‌వే అన్న వరుస లేకపోతే అది దాదాపు రూటెడే. గేట్‌వే అడ్రసు రాసి ఉండి, అది బ్లాకు లోపలిదే అయితే రెండో రకం. కాగితం పోయినా, అర్థం కాకపోయినా, రూటర్‌ను పీపీపీఓఈలో (యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతిలో) కనెక్ట్ చేసి స్టేటస్ పేజీ చూడండి. బయటి అడ్రసు బ్లాకుకు సంబంధం లేనిది అయితే రూటెడ్. బ్లాకులోని మొదటి అడ్రసే బయటి అడ్రసుగా కనబడినా కంగారు పడనక్కర లేదు. పీపీపీఓఈ లింకు మీద ఏఆర్‌పీ అనేదే ఉండదు కనుక మిగిలిన అడ్రసులు కూడా ఆ లింకులోకి రూట్ అయి వస్తున్నట్లే లెక్క.

ప్యాకెట్లను పట్టి చూపించే సౌకర్యం ఉన్న రూటరైతే మరింత ఖచ్చితమైన పరీక్ష ఉంది. మొబైల్ డేటాతో ఉన్న ఒక ఫోన్ నుంచి ఇంకా వాడని 203.0.113.44కు పింగ్ చేయండి, అంటే జవాబు కోరే చిన్న ప్యాకెట్ పంపండి. బయటి పోర్టు దగ్గర ఆ పింగ్ నేరుగా కనబడితే రూటెడ్ బ్లాకు. పింగ్‌కు బదులు ‘44 ఎవరిది’ అన్న ఏఆర్‌పీ ప్రశ్న కనబడితే రెండో రకం. ఏదీ కనబడకపోతే బ్లాకు ఇంకా మీ లైనుకు ఎక్కలేదని అర్థం. అప్పుడు రూటర్‌ను వదిలేసి, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోని జూనియర్ టెలికాం ఆఫీసర్‌నో (జేటీఓ) ప్రొవైడర్ సపోర్టునో సంప్రదించాలి.

లైను, మోడెమ్

రూటర్ సెట్టింగులకు ముందు లైను నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి. మోడెమ్ స్టేటస్ పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ (గోల కంటే సంకేతం ఎంత మిగులుతో ఉందో), అటెన్యుయేషన్ (తీగలో సంకేతం ఎంత తగ్గిందో) అని రెండు అంకెలు ఉంటాయి. మార్జిన్ 6 డెసిబెల్స్ కంటే తక్కువైతే లింకు మాటిమాటికీ తెగుతుంది. 10 దాటితే మంచిది. అటెన్యుయేషన్ ఎక్స్ఛేంజ్ దూరాన్ని బట్టి పెరుగుతుంది, 60 దగ్గరకు వస్తే వేగం మీద ఆశ పెట్టుకోకూడదు. ఊరి చివర మిల్లులకు, కోళ్ల ఫారాలకు ఈ ఇబ్బంది ఎక్కువ. డ్రాప్ వైరులో అతుకులుంటే తీసేయించి ఒకే ముక్క వేయించండి, ఫోన్ సెట్లన్నిటికీ ముందు స్ప్లిటర్ ఉండేలా చూడండి.

మోడెమ్‌లో వీపీఐ, వీసీఐ (లైను మీది దారిని గుర్తించే) అంకెలు ప్రొవైడర్ చెప్పినవే వేయాలి. బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ లైన్లకు అవి సాధారణంగా 0, 35. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో ఎనిమిది బైట్లు తీసుకుంటుంది కనుక ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 ఉండాలి, టీసీపీ ఎంఎస్ఎస్ (అందులో అసలు డేటాకు పట్టే పరిమాణం) 1452కు కుదించే సెట్టింగు ఆన్ చేయాలి. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని మాత్రం తిరుగుతూనే ఉంటే ముందు ఇక్కడే చూడండి. 1464 బైట్ల పింగ్ ముక్కలు కాకుండా పోయి, 1465 పోకపోతే ఎంటీయూ సరిగ్గా ఉన్నట్లే.

కనెక్షన్‌తో పాటు వచ్చే మామూలు మోడెమ్ రూటర్లలో చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ పబ్లిక్ అడ్రసులను నిర్వహించే శక్తి లేదు. వాటిలో న్యాట్ మొత్తంగా ఆన్ చేయాలి, లేదా మొత్తంగా ఆఫ్ చేయాలి. ఈ అడ్రసుకు ఉండాలి, ఆ అడ్రసుకు వద్దు అని చెప్పే చోటు ఉండదు. అటువంటి పెట్టెతో కుస్తీ పట్టే బదులు దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చి, వెనుక ఒక మంచి రూటర్ పెట్టడమే సుఖం. మన దగ్గర కేబుల్ ఆపరేటర్లు విరివిగా వాడే మైక్రోటిక్ చిన్న మోడళ్లు గానీ, పాత కంప్యూటర్‌లో వేసుకునే పీఎఫ్‌సెన్స్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ గానీ ఈ పనికి బాగా సరిపోతాయి. బ్రిడ్జ్ మోడ్‌లో మోడెమ్ పని తీగ మీది సంకేతాన్ని ఈథర్‌నెట్‌కు మార్చడమే. పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇక వెనుక రూటర్‌లో ఇవ్వాలి. మార్చే ముందు మోడెమ్ పాత సెట్టింగులను ఒక ఫైలులో సేవ్ చేసుకోండి, మోడెమ్ ల్యాన్ అడ్రసు కూడా రాసి పెట్టుకోండి.

రూటెడ్ బ్లాకు: న్యాట్ లేకుండా

ఈ పద్ధతిలో సర్వర్లకే నేరుగా పబ్లిక్ అడ్రసులు ఉంటాయి. రూటర్‌లోని ఒక ల్యాన్ పోర్టును ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీసి, దానికి 203.0.113.41, మాస్కు 255.255.255.248 ఇవ్వాలి. ఆ పోర్టుకు ఒక చిన్న స్విచ్ తగిలించి, వెబ్ సర్వరుకు 42, మెయిల్ సర్వరుకు 43 స్వయంగా టైపు చేసి పెట్టాలి. రెండిటికీ గేట్‌వే 41. ఈ పోర్టు మీద డీహెచ్‌సీపీ (అడ్రసులను దానంతట అదే పంచే సేవ) ఉండకూడదు, లేకపోతే ఎవరో తెచ్చి తగిలించిన ల్యాప్‌టాప్ ఒక పబ్లిక్ అడ్రసును తీసుకుని కూర్చుంటుంది. ఆఫీసు కంప్యూటర్లు ఎప్పటిలాగే వేరే పోర్టు మీద 192.168.1 వరుసలో ఉంటాయి.

ఇక అసలు మెలిక న్యాట్ నియమంలో ఉంది. మామూలుగా ‘బయటికి పోయే ప్రతిదానికీ న్యాట్ చేయి’ అని నియమం ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే వెబ్ సర్వరు 42 నుంచి బయలుదేరిన ప్యాకెట్ కూడా 198.51.100.27 అనే వేషంలో బయటికి పోతుంది. బయటి నుంచి వెబ్‌సైటు తెరుచుకుంటుంది కనుక అంతా బాగున్నట్లే కనబడుతుంది, కానీ మెయిల్ సర్వరు పంపిన ఉత్తరాలు తప్పు అడ్రసు నుంచి వస్తున్నాయని అవతలివారు తిప్పి కొడతారు. కనుక న్యాట్ నియమంలో సోర్సు అడ్రసు 192.168.1.0, స్లాష్ 24 అని స్పష్టంగా రాయాలి. పబ్లిక్ వరుసకు న్యాట్ తగలకూడదు.

బ్లాకులోని మొదటి అడ్రసునే పీపీపీఓఈ లింకుకు ఇచ్చే ప్రొవైడరైతే, రూటర్‌లో అన్‌నంబర్డ్ అనే సౌకర్యం వెతకండి. అందులో బయటి లింకు తనకంటూ వేరే అడ్రసు లేకుండా ల్యాన్ పోర్టు అడ్రసునే అరువు తెచ్చుకుంటుంది.

రూటెడ్ బ్లాకు: ఒకటికి ఒకటి న్యాట్

సర్వర్లన్నిటినీ ప్రైవేటు అడ్రసుల్లోనే ఉంచి, పబ్లిక్ అడ్రసులను రూటర్ దగ్గరే నిలిపివేయడం రెండో దారి. వెబ్ సర్వరు 192.168.1.50, మెయిల్ సర్వరు 192.168.1.60 అనుకుంటే, ఒక్కొక్క సర్వరుకు రెండేసి నియమాలు రాయాలి. 203.0.113.42కు వచ్చేదాన్ని 192.168.1.50కు మళ్లించేది ఒకటి, 192.168.1.50 నుంచి బయటికి పోయేదానికి 203.0.113.42 ముద్ర వేసేది ఒకటి. మొదటిది రాసి రెండోది మరిచిపోవడం మామూలే. పైగా నియమాలను రూటర్ పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది, సరిపోయిన మొదటిదాన్ని పట్టుకుని అక్కడే ఆగుతుంది. కనుక ఆఫీసు అంతటికీ వర్తించే మామూలు న్యాట్ నియమం పైన ఉంటే కింద రాసిన ప్రత్యేక నియమం వంతు ఎప్పటికీ రాదు. మైక్రోటిక్‌లో ఈ వరుస తప్పును నియమం పక్కనున్న ప్యాకెట్ల లెక్క పట్టిస్తుంది: సర్వరు పనిచేస్తున్నా ఆ లెక్క సున్నా దగ్గరే నిలబడి ఉంటే, నియమాన్ని మౌస్‌తో పట్టుకుని పైకి లాగండి.

ఈ పద్ధతిలో నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అన్న మినహాయింపులు లేవు. బ్లాకు ఏ పోర్టు మీదా సబ్‌నెట్‌గా పెట్టలేదు కనుక 40, 47 సహా ఎనిమిదింటినీ వాడుకోవచ్చు. చిన్న ఆఫీసులకు నేను ఈ దారినే సూచిస్తాను. రేపు ప్రొవైడర్ మారి కొత్త బ్లాకు వస్తే సర్వర్లను ముట్టుకోనక్కర లేకుండా రూటర్‌లో మాత్రమే అంకెలు మార్చుకోవచ్చు.

దీనితో వచ్చే రెండు చిక్కులున్నాయి. మొదటిది, వాడని అడ్రసులు. 203.0.113.45కు ఎవరో పింగ్ చేస్తే, ఆ అడ్రసు తన దగ్గర ఎక్కడా లేదు కనుక రూటర్ దాన్ని డిఫాల్ట్ దారిలో తిరిగి ప్రొవైడర్‌కే పంపుతుంది. ప్రొవైడర్ దాన్ని మళ్లీ మనకే పంపుతాడు. ఆయుష్షు తీరేదాకా ఆ ప్యాకెట్ మన సన్నని తీగ మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. దీనికి మందు, 203.0.113.40 స్లాష్ 29కు బ్లాక్‌హోల్ అనే, వచ్చినదాన్ని అక్కడే పారవేసే దారి ఒకటి రాయడం. న్యాట్ నియమం ఉన్న అడ్రసులకు మళ్లింపు అంతకు ముందే జరిగిపోతుంది కనుక వాటికి ఇది అడ్డు రాదు. రెండోది, ఆఫీసు లోపలి నుంచి మన వెబ్‌సైటును పబ్లిక్ అడ్రసుతో తెరవబోతే తెరుచుకోకపోవడం. దీనికి హెయిర్‌పిన్ న్యాట్ (లోపలి నుంచి వచ్చినదాన్ని మళ్లీ లోపలికే తిప్పే) నియమం రాయవచ్చు గానీ, ఆఫీసు డీఎన్ఎస్‌లో (పేరుకు అడ్రసు చెప్పే సేవలో) ఆ పేరుకు 192.168.1.50 అని జవాబు వచ్చేలా పెట్టుకోవడం అంతకంటే సులువు.

గేట్‌వే బ్లాకు లోపలే ఉంటే

రెండో రకం బ్లాకుకు పీపీపీఓఈ ఉండదు. రూటర్ బయటి పోర్టుకు స్టాటిక్ అన్న ఎంపిక తీసుకుని, అడ్రసు 203.0.113.46, మాస్కు 255.255.255.248, గేట్‌వే 203.0.113.41 ఇవ్వాలి. మిగిలిన 42 నుంచి 45 వరకు అడ్రసులను కూడా అదే బయటి పోర్టు మీద అదనపు అడ్రసులుగా చేర్చాలి. కొన్ని రూటర్లలో దీన్ని ఐపీ అలియాస్ అంటారు, పీఎఫ్‌సెన్స్‌లో వర్చువల్ ఐపీ అంటారు. ఈ చేర్చడం మరిచిపోయి న్యాట్ నియమాలు మాత్రమే రాస్తే ఏఆర్‌పీ ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఎవరూ ఉండరు, నియమాలు ఎంత సరిగ్గా ఉన్నా ప్యాకెట్ మన గుమ్మం దాకా రాదు. ఆ తరువాత ఒకటికి ఒకటి న్యాట్ పైన చెప్పిన తీరులోనే.

పాత రూటర్ తీసి కొత్తది పెట్టినప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రొవైడర్ గేట్‌వే పాత పరికరం మ్యాక్ అడ్రసునే (తయారీలోనే వచ్చే గుర్తింపునే) కొంతసేపు, ఒక్కోసారి గంటల తరబడి, జ్ఞాపకం పెట్టుకుని ఉంటుంది. అంతవరకు కొత్త రూటర్‌కు ఏమీ రాదు. సెట్టింగులు తప్పేమోనని వాటిని కెలకడం కంటే, మోడెమ్‌ను ఆపి మళ్లీ వేయడం, లేదా కొత్త రూటర్‌లోని ఒక్కొక్క అడ్రసు నుంచి గేట్‌వేకు ఒకసారి పింగ్ చేయడం మేలు.

ఫైర్‌వాల్

పబ్లిక్ అడ్రసు పెట్టిన యంత్రం తలుపు ఆ క్షణం నుంచే ఎవరో ఒకరు తట్టడం మొదలుపెడతారు. 2016లో మిరాయ్ అనే వైరస్ లోకం మీదున్న లక్షలాది కెమెరాలను, డీవీఆర్‌లను, రూటర్లను పట్టుకున్నది వాటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే. అదే ఏడాది అక్టోబర్ 21న డీఎన్ఎస్ సేవలందించే డిన్ సంస్థ మీద దాడికి వాటినే వాడారు. డీవీఆర్‌కు పబ్లిక్ అడ్రసు వద్దన్నది ఇందుకే. ట్యాలీ సర్వరు తెరిచి చూడడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను బయటికి తెరవడం అంతకంటే ప్రమాదకరం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠాలు వెతికే మొదటి పోర్టుల్లో అదొకటి. యజమాని కెమెరాలనైనా, లెక్కలనైనా రూటర్ మీద నడిచే వీపీఎన్ (తాళం వేసిన ప్రైవేటు దారి) ద్వారానే చూడాలి.

నియమాలు ఇలా ఉండాలి: బయటి నుంచి కొత్తగా వచ్చేదంతా మూత. దానికి మినహాయింపుగా 42కు 80, 443. 43కు 25, 587, 993. రూటర్ సొంత అడ్రసుకు వీపీఎన్ పోర్టు మాత్రమే. న్యాట్ లేని పద్ధతిలో ఈ మూత మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ న్యాట్ వల్ల కలిగే కొద్దిపాటి చాటు కూడా ఉండదు. రూటర్ లాగిన్ పేజీ, టెల్నెట్, ఎస్ఎన్ఎంపీ వంటి నిర్వహణ సేవలు బయటికి కనబడకూడదు. రూటర్ డీఎన్ఎస్ సేవ లోపలివారికే జవాబు ఇవ్వాలి, లేకపోతే ఇతరుల మీద దాడులకు దాన్ని వాడుకుంటారు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగులను (జరిగినవాటి నమోదులను) 180 రోజులు ఉంచాలి, గడియారాలను అధికారిక టైమ్ సర్వర్లతో సరిపోల్చుకోవాలి. రూటర్ లోపలి లాగు కరెంటు పోతే చెరిగిపోతుంది కనుక, సిస్‌లాగ్ ద్వారా ఒక కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు చేసుకోండి.

పరీక్షించడం

ఆఫీసు వైఫైలోనే ఉండి బయటి అడ్రసులను పరీక్షించడం వల్ల ఏమీ తేలదు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో వెబ్‌సైటు తెరవండి. తరువాత ప్రతి సర్వరు మీదా కూర్చుని, మన ఐపీ ఏమిటో చూపించే ఏదైనా సైటు తెరిచి, అది చూపిన అడ్రసు ఆ సర్వరుకు కేటాయించినదేనా అని సరిచూసుకోండి. వెబ్ సర్వరు 42ను, మెయిల్ సర్వరు 43ను, ఆఫీసు కంప్యూటరు రూటర్ సొంత అడ్రసును చూపించాలి. మూసి ఉండవలసిన పోర్టులను కూడా బయటి నుంచి ఒకసారి తట్టి చూడండి. తెరిచినవి పనిచేస్తున్నాయని చూసి అక్కడితో ఆగిపోయేవారే ఎక్కువ.

మెయిల్‌కు ఇంకో రెండు పనులున్నాయి. 203.0.113.43 అంటే ఫలానా పేరు అని చెప్పే రివర్స్ డీఎన్ఎస్ రికార్డును ప్రొవైడరే పెట్టాలి, దానికి అర్జీ ఇవ్వండి. మెయిల్ పంపే పోర్టు 25ను ప్రొవైడర్ మూసి ఉంచాడేమో కూడా అదే అర్జీలో అడగండి. మన డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో (మన మెయిల్ ఏ అడ్రసుల నుంచి రావచ్చో చెప్పేదానిలో) ఈ అడ్రసు చేర్చడం మన పని.

పిడుగులు, కరెంటు, బ్యాకప్

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో వచ్చే పిడుగుల వానలకు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మోడెమ్‌లు పోవడం మామూలు. ప్లగ్గు పీకి, ఫోన్ తీగను అలాగే ఉంచితే లాభం లేదు, ఎందుకంటే ఎక్కువసార్లు దెబ్బ ఆ తీగ గుండానే వస్తుంది. ఫోన్ తీగకు కూడా రక్షణ ఉన్న సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి, దానికి మంచి ఎర్తింగ్ ఉండాలి. నేల ఎండిపోయే వేసవిలో ఎర్త్ పిట్‌లో అప్పుడప్పుడు నీళ్లు పోయకపోతే ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది. మోడెమ్, రూటర్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండేలా చూడండి. స్విచ్ ఒక్కటి మిల్లు లైను మీద మిగిలిపోతే మిగతా రెండూ వెలుగుతున్నా సర్వర్లు అందవు.

అంతా పనిచేస్తున్న రోజునే రూటర్, మోడెమ్ రెండింటి సెట్టింగులనూ ఫైళ్లుగా సేవ్ చేసి, రూటర్‌తో సంబంధం లేని ఇంకో చోట దాచండి. పబ్లిక్ అడ్రసు, లోపలి అడ్రసు, యంత్రం పేరు, తెరిచిన పోర్టులు ఒక్కొక్క వరుసలో రాసిన కాగితాన్ని రూటర్ ఉన్న అలమారా తలుపు లోపలి వైపు అంటించండి. పాస్‌వర్డ్‌లు మాత్రం దాని మీద రాయవద్దు. ఫర్మ్‌వేర్ మారిన తరువాత పాత బ్యాకప్ ఫైలు కొన్ని మోడళ్లలో ఎక్కదు కనుక, న్యాట్, ఫైర్‌వాల్, దారుల పేజీలకు స్క్రీన్‌షాట్లు కూడా తీసి ఆ ఫైళ్లతో కలిపి ఉంచండి.